ఎలక్ట్రిక్ కారు బుక్ చేస్తన్నారా? రంగు సంగతి సరే, ముందు ఇంటి మీటరు చూడండి

2025 జులై 15న టెస్లా వాళ్ళు ముంబయిలో మన దేశంలో మొదటి షోరూం తెరిచారు. మోడల్ వై అని ఒకటే కారు పెట్టారు. రేటు 59 లక్షల 89 వేలతో మొదలు. టీవీలన్నీ ఆ అరవై లక్షల చుట్టూ తిరిగాయి గాని, చూడాల్సిన కాగితం ఇంకోటి ఉంది. రంగుల పట్టిక. స్టెల్త్ గ్రే అనే ముదురు బూడిద రంగు అయితే ఉచితం. ముత్యపు తెలుపైనా నలుపైనా 95 వేలు ఎగస్ట్రా. నీలం కావాలంటే లక్షా పాతిక వేలు. ఎరుపు గాని, క్విక్ సిల్వర్ అనే పాదరసం రంగు గాని కావాలంటే లక్షా 85 వేలు.

లక్షా 85 వేలండీ. రంగుకి! ముదినేపల్లి సెంటర్లో ఈ మాట చెప్తే రెండు స్ప్లెండర్ బళ్ళు వస్తాయి గదా అంటారు. మూడు కిలోవాట్ల సోలార్ పలకలు ఇంటి మీద పెట్టించుకున్నా సుమారు ఆ ఖర్చే అవుద్ది. పైగా దానికి పీఎం సూర్యఘర్ కింద 78 వేలు వెనక్కి వస్తాయి. ఎర్ర రంగుకి ఏ సబ్సిడీ లేదు.

మనూళ్ళో టెస్లా ఎవరు కొంటారులే అనొచ్చు. నిజమే, అది షాంఘైలో తయారై, 70 శాతం దాకా సుంకం కట్టించుకుని వచ్చే బండి. కానీ ఆ అమ్మకం పద్ధతి మాత్రం మన గుడివాడ, బెజవాడ షోరూముల్లోకి ఎప్పుడో వచ్చేసింది. ఇక్కడ రంగుకి విడిగా రేటు చెప్పరు, వేరియంట్‌లో కలిపేస్తారు. మీకు నచ్చిన రంగు కింది వేరియంట్‌లో ఉండదు. పైదానిలో ఉంటది. పైకప్పు నలుపు, కింద ఇంకో రంగు ఉండే డ్యూయల్ టోన్ కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ మెట్టుకో సన్‌రూఫ్, ఒక పెద్ద స్క్రీను తగిలిస్తారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే రంగు కోసం లక్ష పైచిలుకు ఎక్కువ పెట్టినట్టు తేలుద్ది, బిల్లులో మాత్రం ఎక్కడా రంగు అని ఉండదు. టెస్లా వాడు కనీసం కాగితం మీద రాశాడు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. "తెల్లది రెడీగా ఉందండీ, వారంలో ఇస్తాం. మీరడిగిన రంగుకి నెలన్నర ఆగాలి." ఇందులో సగం నిజం, సగం గోడౌన్ ఖాళీ చేసుకునే తొందర. రెడీగా ఉందన్న బండి ఏ నెలలో తయారైందో అడగండి. ఎలక్ట్రిక్ బండి నెలల తరబడి యార్డులో నిలబడితే బ్యాటరీకి మంచిది కాదు. పాత సంవత్సరం బండి అయితే రేటు తగ్గించమని అడిగే హక్కు మీకుంది. రంగు నచ్చకపోయినా సర్దుకుంటాం అంటే, ఆ సర్దుబాటుకి తగ్గింపు రాబట్టుకోవాలి గాని ఊరకే తలూపి రాకూడదు.

ఈ మోజు మనకి అమెరికా నుంచి కూడా వస్తన్న మాట దాచనక్కర్లేదు. 2023 మార్చిలో న్యూజెర్సీలో మనోళ్ళు టెస్లా కార్లన్నీ ఒక మైదానంలో వరసగా పెట్టి నాటు నాటు పాటకి లైట్లు ఆడించారు, ప్రపంచమంతా చూసింది. అక్కడ 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. అక్కడ ఉండే కొడుకో కూతురో ఫోన్‌లోనే రంగు నొక్కి కారు తెప్పించుకున్నాక, "నాన్నా, మీరూ ఈవీ తీసుకోండి, ఈఎంఐ నేను కడతా" అంటారు. మంచి మాటే. కాకపోతే అక్కడి లెక్క వేరు, మన మీటరు లెక్క వేరు.

ఇప్పుడు అసలు సంగతిలోకి వద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. చిన్న పెట్రోల్ కార్ల మీద 28 శాతం పన్ను, పైన సెస్సు ఉండేది. ఇప్పుడది 18 శాతం అయింది. ఎలక్ట్రిక్ కార్ల మీద ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. అంటే ఏమైంది? పెట్రోల్ కారు దిగొచ్చింది, కరెంటు కారు ఉన్నచోటే ఉంది. రెండింటి మధ్య తేడా పెరిగింది. ఏడాది కిందట "మూడేళ్ళలో తేడా డబ్బులు వచ్చేస్తాయి" అని ఎవరైనా లెక్కేసి చెప్పుంటే, ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. ఇంకో రాయితీ కూడా పోయింది. ఈవీ లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్నులో మినహాయించే 80ఈఈబీ సెక్షను 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ఇప్పుడు తీసుకునేవాళ్ళకి అది లేదు. అయినా కొంతమంది సేల్స్ కుర్రాళ్ళు ఇంకా అదే పాట పాడతన్నారు.

కరెంటు సంగతి. "కిలోమీటరుకి రూపాయి" అని బోర్డు పెడతారు. ఆ రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు శ్లాబుల్లో ఉంటది. 2025-26 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. కారు తాగే కరెంటు ఈ మెట్లలో కింద మెట్టు మీద కూర్చోదు. మీ ఇంటి ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీ ముందే ఆక్రమించిన మెట్ల పైన ఎక్కి కూర్చుంటది.

ఒక లెక్క వేద్దాం. ఇంట్లో మామూలుగా నెలకి 200 యూనిట్లు కాలుద్ది అనుకోండి. కారు నెలకి 1,200 కిలోమీటర్లు తిరుగుద్ది. ముదినేపల్లి నుంచి గుడివాడ మీదుగా బెజవాడ వెళ్ళి రావడం 120 కిలోమీటర్ల దరిదాపు. వారానికి రెండుసార్లు అలా తిరిగి, అదనంగా ఓ రెండు ట్రిప్పులు వేస్తే 1,200 అవుద్ది. యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు, చార్జింగ్‌లో పోయే తరుగు పదో వంతు కలుపుకుంటే సుమారు 200 యూనిట్లు. అందులో మొదటి 25 యూనిట్లు 6 రూపాయల లెక్కన 150. మిగతా 175 యూనిట్లు 8.75 లెక్కన 1,531. మొత్తం 1,681. దీని మీద ఇంధన సర్దుబాటు చార్జీలు అవీ ఇవీ. అంటే కిలోమీటరుకి రూపాయి కాదు, రూపాయి నలభై పైసల పైమాటే. ఎండాకాలం ఏసీ నడిచి ఇల్లే 400 దాటితే, కారు మొత్తం 9.75 మెట్టు మీద నడుస్తది.

అయినా సరే పెట్రోల్‌తో పోలిస్తే చవకే, అది ఒప్పుకోవాలి. అదే 1,200 కిలోమీటర్లకి లీటరుకి 15 ఇచ్చే కారైతే 80 లీటర్లు. లీటరు 109 వేసుకున్నా 8,720. నెలకి ఏడు వేలు మిగులు, ఏడాదికి 84 వేలు. ఈవీకి మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, ఆ మూడు లక్షల మీద వడ్డీ కూడా కలుపుకుని నాలుగున్నరేళ్ళు అటూ ఇటూగా తేడా తీరుద్ది. బాగానే ఉంది.

మరి నెలకి 500 కిలోమీటర్లే తిరిగే మనిషి సంగతి? పెళ్ళిళ్ళకి, గుడికి, నెలకోసారి ఆసుపత్రికి. కరెంటు 650 రూపాయలు, పెట్రోల్ అయితే 3,600. మిగులు నెలకి మూడు వేల లోపు. మూడు లక్షలు తీరడానికి వడ్డీ లేకుండానే ఎనిమిదేళ్ళు. బ్యాటరీ గ్యారంటీ చాలా కంపెనీలు ఇచ్చేది ఎనిమిదేళ్ళు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు. లెక్క సమానం అయ్యేసరికి గ్యారంటీ అయిపోద్ది. మన పల్లెల్లో కారు కొనేవాళ్ళు చాలామంది ఈ రెండో రకమే. ఇంటి ముందు కారు ఉండాలి, తిరిగేది తక్కువ. వాళ్ళకి ఈవీ అమ్మడం అంటే వాళ్ళ అవసరం చూసి అమ్మినట్టు కాదు.

బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర పెట్టుకుంటే యూనిట్‌కి ఇరవై రూపాయల పైమాటే, దాని మీద 18 శాతం జీఎస్టీ. అప్పుడు కిలోమీటరుకి మూడున్నర దాకా పోద్ది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలు లేని వాళ్ళకి, అంటే అద్దె వాటాల్లో ఉండి బండి వీధిలో పెట్టుకునేవాళ్ళకి, పొదుపులో మూడో వంతుకి పైగా కరిగిపోద్ది.

బ్యాటరీ అద్దె పథకం గురించి కూడా ఒక ముక్క. ఎంజీ వాళ్ళు 2024 సెప్టెంబర్లో విండ్సర్ కారుని 9.99 లక్షలకి, బ్యాటరీకి కిలోమీటరుకి 3.50 అద్దె అని తెచ్చారు. బ్యాటరీతో కలిపి కొంటే అప్పట్లో 13.50 లక్షలు. పది లక్షల లోపే కారు అంటే ఎవరికైనా ఆశ పుడుద్ది. కానీ 1,200 కిలోమీటర్లకి అద్దె 4,200, కరెంటు 1,681, కలిపి దాదాపు 5,900. పెట్రోల్ మీద మిగిలే ఏడు వేలు కాస్తా 2,800 అయింది. ఇది ఇంకో పేరుతో వచ్చిన ఈఎంఐ. సంతకం పెట్టే ముందు నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్ల అద్దె కట్టాలన్న షరతు ఉందేమో కాగితాల్లో వెతకండి.

మన ప్రాంతానికే ఉన్న ఒక ప్రమాదం ఇక్కడ చెప్పాలి. ముదినేపల్లి, కైకలూరు, మండవల్లి, బంటుమిల్లి, ఎటు చూసినా చెరువులే. ఆక్వా రైతుకి ప్రభుత్వం యూనిట్ రూపాయిన్నరకి ఇస్తంది. వ్యవసాయ మోటారుకైతే అసలు ఉచితం. గట్టు మీద షెడ్డు, షెడ్డులో ఏరేటర్ల స్టార్టరు, దాని పక్కనే 15 ఆంపియర్ల ప్లగ్గు. కారు అక్కడే ఆపి పెట్టేస్తే పోలా అనే ఆలోచన ఎవరికైనా వస్తది. పెట్టకండి. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్ ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126 సెక్షను కింద అనధికార వాడకం అవుద్ది. వర్తించాల్సిన రేటుకి రెట్టింపు లెక్కగట్టి, ఎప్పటి నుంచో తేలకపోతే పన్నెండు నెలలకి వేస్తారు. నెలకి వెయ్యి రూపాయలు మిగుల్చుకుందామని చెరువు కనెక్షన్‌కే ఎసరు తెచ్చుకోవడం దేనికి? రేపు ఏరేటర్లు ఆగితే ఒక్క రాత్రిలో పోయే రొయ్య విలువ ఎంతో రైతుకి చెప్పక్కర్లేదు.

రొయ్య మాట వచ్చింది కాబట్టి, 2025 ఆగస్టు మర్చిపోకూడదు. ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27న ఇంకో 25 వేసింది. మన రొయ్యకి అమెరికాయే పెద్ద బేరం. ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. ఏడేళ్ళ లోను మీద కారు తీసుకునే చెరువు రైతు, నెలనెలా జీతం వచ్చే మాస్టారులాగా ఈఎంఐ లెక్క వేసుకోకూడదు. పంట పంటకీ మధ్య రెండు నెలలు డబ్బు కనపడదు. మీకు పట్టుబడి నెలలు ఎప్పుడో చెప్పి, బ్యాంకు వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. డౌన్ పేమెంట్ ఎక్కువ పెట్టి ఈఎంఐ తగ్గించుకోవడమే మన తీరుకి సరిపోయే పద్ధతి.

ఇక రంగు. కొనేటప్పుడు ఇంట్లో పెద్ద గొడవ దీని మీదే గాబట్టి దాని సంగతీ తేల్చుకుందాం.

మన ఎండకి లేత రంగే మేలు. ఇది పాతకాలపు చాదస్తం కాదు. 2011లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు ఒకే రకం హోండా కార్లు రెండు, ఒకటి నలుపు ఒకటి వెండి రంగు, ఎండలో నిలబెట్టి కొలిచారు. గంట సేపటికి వెండి రంగు దాని లోపల గాలి అయిదారు డిగ్రీలు తక్కువ ఉంది. పైకప్పు రేకు మీదైతే తేడా పాతిక డిగ్రీల దాకా వచ్చింది. పెట్రోల్ కారులో ఏసీకి ఇంజను నుంచి బలం వస్తది. ఈవీలో ఏసీ కూడా ఆ బ్యాటరీనే తాగాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి బందరు కలెక్టరాఫీసు ముందు ఆపి, సాయంత్రం వచ్చి నల్ల కారు తలుపు తీస్తే తెలుస్తది. మొదటి పది నిమిషాలు ఏసీ లాగే కరెంటు తక్కువేం కాదు. ఆ మాటకొస్తే టెస్లా ఉచితంగా ఇచ్చే ముదురు బూడిద రంగు మనలాంటి చోట వేడెక్కే రంగే. తెలుపుకి 95 వేలు అడగటం మన దేశంలో కాస్త అన్యాయంగానే ఉంది.

మట్టి సంగతి ఇంకోటి. మన చెరువు గట్ల బురద ఎండితే లేత బూడిద రంగులోకి వస్తది. నలుపు మీద ముగ్గు పెట్టినట్టు కనపడుద్ది. తెలుపు మీద చక్రాల పైన చారలు తేల్తాయి. వెండి రంగు, లేత బూడిద రంగు అన్నిటికంటే ఓర్చుకుంటాయి. కైకలూరు పక్క ఆటపాకలో పెలికాన్ పక్షులు చూడముచ్చటగా ఉంటాయి గాని, వాటి కింద బండి ఆపితే ఏ రంగూ ఆగదు. రెట్టలో ఆమ్లం ఉంటది, ఎండలో ఎండనిస్తే పైపూత తినేస్తది. వెంటనే నీళ్ళు కొట్టాలి.

బందరు, మంగినపూడి, నాగాయలంక వైపు వాళ్ళకి ఉప్పు గాలి అసలు శత్రువు. అక్కడ పైన ఏ రంగన్నది రెండో మాట, అడుగున ఇనుముకి తుప్పు రాకుండా పూత ఉందా అన్నది మొదటి మాట. షోరూంలో సిరామిక్ కోటింగ్ అని పాతిక ముప్ఫై వేలు అడుగుతారు. ఆ డబ్బుతో అడుగు భాగం పూత వేయించి, ఏడాది పొడవునా పదిహేను రోజులకోసారి కింద నీళ్ళు కొట్టించుకోవచ్చు.

మూడు పొరల ముత్యపు రంగులు, మెరిసే ఎరుపులు చూడ్డానికి బాగుంటాయి. గేదె కొమ్ము గీరిందో, ట్రాక్టరు తొట్టి తగిలిందో అనుకోండి. మామూలు తెలుపైతే గుడివాడలో డోరు ఒక్కటీ రంగు వేయించి సరిపెట్టొచ్చు. ముత్యపు రంగైతే పక్క డోరుతో కలవదు, పక్కది కూడా వేయాలంటారు. కాబట్టి రంగు ఖర్చు కొన్నరోజుతో తీరదు. తర్వాత రంగు మార్చుకుందాంలే అనుకోవడానికీ లేదు, ఆర్సీలో రంగు రాసి ఉంటది, మారిస్తే ఆర్టీఓ దగ్గర మార్పించుకోవాలి.

మన జిల్లాల్లో రంగుకి ఇంకో ఖర్చు ఉంది, అది ఏ షోరూం బిల్లులోనూ రాదు. పసుపు కారు కొంటే ఒక పార్టీ, నీలం కొంటే ఇంకో పార్టీ, ఎరుపు కొంటే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులేస్తే 2020లో హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా అదే మాట నిలబడింది. అంతటి రాష్ట్రం మనది! తెలుపు ఎక్కువ అమ్ముడవటానికి ఎండ ఒక్కటే కారణం కాదేమో. అమ్మేటప్పుడు కూడా ఏ పార్టీ వాడైనా కొంటాడు. ఇంకో చిన్న విషయం, సొంత ఈవీకి నంబరు ప్లేటు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. ఎర్ర కారుకి ఆ ప్లేటు ఎలా ఉంటదో ఒకసారి ఊహించుకుని బుక్ చేయండి.

కాగితాల దగ్గరికొస్తే, లైఫ్ టాక్సు మినహాయింపుని కొటేషన్‌లో విడి లైనుగా రాయించుకోండి. ఇవన్నీ గడువు పెట్టి ఇచ్చేవి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు గదా అని హైదరాబాదులో ఉన్న బావమరిది అడ్రసు మీద తీసేవాళ్ళుంటారు. పన్నెండు నెలలకి మించి బండి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరుకి మార్చుకోవాల్సిందే. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం ఈవీకి 15 శాతం తక్కువ. కానీ నీళ్ళలో మునిగితే బ్యాటరీకి, మోటారుకి వర్తించే యాడ్ ఆన్ విడిగా ఉంటది, అది వద్దనుకోకండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి బెజవాడలో బళ్ళు ఎలా తేలాయో చూశాం. బ్యాటరీకి ఐపీ 67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుద్దని అర్థం. మూడు రోజులు నానినా ఏం కాదని కాదు. తుపానుకి కరెంటు పోయే కాలం కూడా మనది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా వచ్చినప్పటిలాంటి హెచ్చరిక వింటే, ఆ సాయంత్రమే చార్జింగ్ నింపి, బండి మెరకలో పెట్టుకోవాలి.

చివరిగా మీటరు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు మార్చింది. ఈవీ చార్జింగ్ కోసం ఇంటికి విడిగా కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. అది తీసుకుంటే కారు కరెంటు ఇంటి శ్లాబుల పైమెట్టు ఎక్కదు. పల్లెల్లో కొత్త కనెక్షన్ ఇచ్చే గడువు కూడా 30 రోజుల నుంచి 15 రోజులకి తగ్గించారు. కారు బుక్ చేసిన రోజే ఆ దరఖాస్తు కూడా పెట్టండి. ఏఈ గారు "అలాంటిదేం లేదండీ" అంటే నోటి మాటతో తిరిగి రాకండి, దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. ఇంటి స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ 7 కిలోవాట్ల చార్జర్‌ని మోస్తదా, లోడు పెంచాలా అనేది కూడా అప్పుడే అడగండి. రాత్రంతా పెట్టుకునేవాళ్ళకి 15 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తింగు సరిపోతాయి. మన తేమ నేలలో ఎర్త్ గుంట కొత్తగా తవ్వించుకోవడం మాత్రం తప్పదు. కంపెనీ మనిషి చార్జర్ బిగించడానికి వచ్చి "ఎర్తింగ్ లేదు" అని వెనక్కి వెళ్తే, బండి వచ్చి వారమైనా వీధిలో బొమ్మలా నిలబడి ఉంటది.